వాల్వుల కోసం మద్రాసు ప్రయాణం

మద్రాసు అనగానే మీకేం గుర్తొస్తుంది? మీ తాతల వయసు వాళ్లనడిగి చూడండి. కోడంబాకం అంటారు, వాహినీ స్టూడియో అంటారు, బజుల్లా రోడ్డులో ఎన్.టి.ఆర్. ఇల్లంటారు. తిరుపతిలో వెంకన్నను చూసుకుని, అదే బస్సులో మద్రాసు దాకా వచ్చి, ఆ గేటు ముందు నిలబడి రామారావుగారిని కూడా చూస్తేగాని యాత్ర పూర్తయినట్టు కాదనుకున్న రోజులవి!

ఇప్పుడు సినిమా హైదరాబాదుకు తరలిపోయి దశాబ్దాలైంది. వాహినీ వున్న చోట ఆస్పత్రీ, మాలూ వున్నాయి. అయినా నేను మొన్న పనిగట్టుకుని మద్రాసు వెళ్లాను. ఏ తారనో చూడ్డానికి కాదు. వొక ట్రాన్స్‌ఫార్మరు, వొక గాజు బుడ్డి కొనుక్కోడానికి. నవ్వకండి. ఆ గాజు బుడ్డికీ సినిమాకీ వున్న చుట్టరికం చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

సూట్‌కేసులో వచ్చిన చిక్కు

నాకు గిటారు పిచ్చి వుంది. వాయించడం వచ్చని చెప్పుకోను గాని, పిచ్చి మాత్రం వుంది. ఎలక్ట్రిక్ గిటారుకు గొంతు లేదు. తీగ మీటితే దోమ రొదలా వినిపిస్తుంది. దాన్ని యాంప్లిఫయరుకు తగిలిస్తేనే అది గిటారు. ఈ రోజుల్లో బొటనవేలంత చిప్పుతో నడిచే యాంప్లిఫయర్లు బోలెడు దొరుకుతున్నాయి. కాని గిటారు వాళ్లు ఇప్పటికీ కలవరించేది పాతకాలపు వాల్వు యాంప్లిఫయరునే. మెల్లగా మీటితే తేనెలా పలుకుతుంది, గట్టిగా కొడితే బొంగురుపోయి గర్జిస్తుంది. ఆ బొంగురులోనే వుంది మజా అంతా.

అమెరికాలో వుంటున్న మా పిన్ని కొడుకు ఇంటికొస్తూ నా పోరు పడలేక వొక కిట్టు తెచ్చాడు. కిట్టు అంటే తయారైన వస్తువు కాదు, విడిభాగాల మూట! కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ వూళ్లో లియో ఫెండర్ కంపెనీ 1950లలో చాంప్ అనే చిన్న యాంప్లిఫయరు చేసేది. గిటారు నేర్చుకునే పిల్లల కోసం చేసిన బుల్లి పెట్టె అది. మూడే వాల్వులు, ఎనిమిదంగుళాల స్పీకరు, అయిదు వాట్ల మోత. ఆ సర్క్యూట్‌కి 5ఎఫ్1 అని పేరు. మొదటిసారి చేత్తో యాంప్లిఫయరు కట్టాలనుకునే వాళ్లు ఇప్పటికీ దీంతోనే అక్షరాభ్యాసం చేస్తారు.

పెద్ద పెద్ద వాళ్లు కూడా ఇలా మరొకరి సర్క్యూట్ చూసే మొదలుపెట్టారు సుమండీ! లండన్ పడమటి వైపున్న హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టారు వాద్యాల దుకాణం నడిపేవాడు. 1962లో ఆ దుకాణంలో కుర్రాళ్లు ఫెండర్ వాళ్ల బాస్‌మన్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకుని తమ మొదటి యాంప్లిఫయరు తయారుచేశారు. రాక్ కచేరీల్లో వాద్యకారుల వెనక గోడల్లా పేర్చి కనబడే మార్షల్ పెట్టెలకు అదే పునాది.

సరే, మా మూట విప్పాం. 6వి6 అనే పెద్ద వాల్వు ప్రయాణంలో పగిలి గాజుపొడి అయి వుంది. పోనీ అది మళ్లీ కొనుక్కోవచ్చుననుకుని, మిగతావి టేబుల్ మీద పరిచాను. మా నాన్న పేపరు చదువుతున్నవాడల్లా లేచి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ని అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు పైకి తోసి అందులో అచ్చు చూశాడు.

"ఇది 120 వోల్టుల సరుకు రా. మన గోడలో 230 వస్తుంది. పెడితే పొగే."

అంతే! మళ్లీ వెళ్లి పేపరు చదువుకోడం మొదలుపెట్టాడు.

నాన్న కథ

మా నాన్న గురించి మీకు చెప్పాలి. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఆయనకు రేడియో రిపేరు కొట్టు వుండేది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్... ఏ రేడియో మూగపోయినా మా నాన్న దగ్గరికే వచ్చేది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి, పారేసి కొత్తది కొనుక్కునే కాలం వచ్చింది. కొట్టు మూశాడు. మూసిన రోజున రెండు ట్రంకు పెట్టెల నిండా వున్న వాల్వుల్ని పాత ఇనుము వాడికి తూకానికి వేశాడట. ఆ తర్వాత ఆయన సోల్డరింగు ఐరన్ ముట్టింది లేదు. నన్నూ ముట్టుకోనివ్వలేదు. "ఈ విద్య కూడు పెట్టదు" అన్నది వొక్కటే మాట. ఇప్పుడాయనకు డెబ్బయ్యారు. చేతులు వణుకుతాయి. టీ గ్లాసు సగానికే పోయించుకుంటాడు.

"నేను రేపు మద్రాసు వెళ్తున్నా" అన్నాను.

"నేనూ వస్తా. నీకు వాల్వు చూసి తీసుకోడం తెలీదు."

ఇన్నేళ్లలో ఆ పని గురించి ఆయన తనంత తానుగా మాట్లాడింది అదే మొదలు. నేను మారు మాట్లాడకుండా రెండు టిక్కెట్లు తీశాను.

గూడూరు దాటాక...

నెల్లూరు నుంచి మద్రాసుకు రైల్లో మూడు గంటల దారి. గూడూరు, నాయుడుపేట దాటాక సూళ్లూరుపేట వస్తుంది. శ్రీహరికోటకు దిగేవాళ్లు అక్కడ దిగుతారు. ఆకాశంలోకి రాకెట్లు వదిలే వూరి పక్కనుంచి, వొక గాజు వాల్వు కోసం వెళ్తున్నామనుకుంటే నాకే నవ్వొచ్చింది. తడ దాటితే గుమ్మిడిపూండి, అక్కణ్ణించి బోర్డుల మీద అక్షరాలు అరవంలోకి మారతాయి.

సెంట్రల్ స్టేషన్లో దిగాక నాన్న బయటికి రాగానే పక్కకు తిరిగి కాసేపు నిలబడ్డాడు.

"మూర్ మార్కెట్ ఇక్కడే వుండేది" అన్నాడు.

ఎర్రటి కట్టడమట. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, విడిభాగాలు, అక్కడ దొరకని వస్తువు లేదంటారు. నాన్న కొట్టుకు సరుకు సగం అక్కణ్ణించే వచ్చేది. పొద్దున బండికి వచ్చి, సంచీడు వాల్వులు గడ్డిలో చుట్టి వొళ్లో పెట్టుకుని, సాయంత్రం బండికి నెల్లూరు చేరేవాడట. 1985లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ మార్కెట్ కాలిపోయింది. ఇప్పుడక్కడ రైల్వే వాళ్ల భవనం, లోకల్ రైళ్ల ప్లాట్‌ఫారాలు వున్నాయి.

సెంట్రల్లో మెట్రో ఎక్కితే గవర్నమెంట్ ఎస్టేట్ అనే స్టేషన్ వొక్క ఆగుడు దూరం. అక్కడ దిగి మౌంటు రోడ్డు మీద నాలుగడుగులు వేసి సందులోకి మళ్లితే, అదే రిచీ వీధి!

రిచీ వీధి

పేరుకు వొక వీధి గాని, నరసింగపురం వీధీ, వాలర్స్ రోడ్డూ, ఇంకా పేరు తెలియని సందులూ అన్నీ కలిపి రిచీ వీధే. దక్షిణాదిలో ఎలక్ట్రానిక్ సరుక్కి ఇంతకంటే పేరున్న బజారు మరోటి లేదు. కొట్లన్నీ వొకదాని మీద వొకటి. కింద కంప్యూటర్లు, పైన కెమేరాలు, మెట్ల కింద చార్జర్లు. గుత్తులు గుత్తులుగా వైర్లు పూలదండల్లా వేలాడుతుంటాయి. మధ్యలో స్కూటర్లు, మోపుల్లా అట్టపెట్టెలు నెత్తిన పెట్టుకుని కూలీలు, టీ బల్లలు. "ఎన్న సార్ వేణుం?" అని ప్రతి గుమ్మంలోంచీ పిలుపులే.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు మొదటి కొట్లోనే దొరికింది. 230 వోల్టుల్ని తీసుకుని 120 ఇచ్చేది. మన యాంప్లిఫయరు నలభై వాట్లకు మించి తినదు కాబట్టి 100 వి.ఏ. సైజు చాలన్నాడు నాన్న. నేను డబ్బులివ్వబోతుంటే ఆపి, మల్టీమీటరు అడిగి తీసుకుని, ప్లగ్గు మూడో పిన్నుకీ అవతలి సాకెట్ మూడో కన్నానికీ పెట్టి చూశాడు. ముల్లు కదల్లేదు.

"ఎర్తు లోపల కలపలేదు. ఇది వద్దు. వేరేది తియ్యండి."

కొట్టు కుర్రాడు గొణుక్కుంటూ మరోటి తీశాడు. అందులో ఎర్తు పలికింది. ఎందుకింత పట్టుదల అంటే, యాంప్లిఫయరు ఇనప డబ్బా ఎర్తుకు తగిలి వుండాలి. లేకపోతే లోపలేదైనా వైరు వూడి డబ్బాకు తగిలిన రోజున, ఆ కరెంటు గిటారు తీగల గుండా వాయించేవాడి వేళ్లలోకి వస్తుంది!

వాల్వు మాత్రం ఎక్కడా దొరకలేదు. అడిగితే కొందరికి ఆ మాటే తెలియదు. ఎల్.ఇ.డి. బల్బు చూపించారు. రెండు గంటలు తిరిగాం. నాన్న అలిసిపోయి వొక మెట్టు మీద కూచున్నాడు. పోనీ వెళ్లిపోదామా అంటే తల అడ్డంగా వూపాడు. ఆ మెట్ల మీదుగానే దిగుతూ వచ్చిన వొక ముసలాయన్ని అరవంలో ఏదో అడిగాడు. ఆయన మా నాన్నకేసి వింతగా చూసి, వెంట రమ్మని చెయ్యి వూపాడు.

రెండో అంతస్తులో అగ్గిపెట్టెంత గది. బల్ల కింద నుంచి ఆయన వొక అట్టపెట్టె లాగాడు. పెట్టె నిండా వాల్వులు! కొన్నిటి మీద బి.ఇ.ఎల్. అన్న అక్షరాలు, మన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లవి. మా నాన్న చెయ్యి ఆ పెట్టెలోకి వెళ్లింది. వొక్కొక్కటే తీసి, వెలుతురుకు పెట్టి, నంబరు చదివి పక్కన పెడుతున్నాడు. ఆ కాసేపు ఆ చేతులు వణకలేదంటే మీరు నమ్మరు. నమ్మక్కర్లేదు కూడా. వణికాయి. కాని వొక్క వాల్వూ జారలేదు.

6వి6లు మూడు దొరికాయి. ఎలా ఎంచాలో నాన్న చెప్పాడు. వాల్వు లోపల గాజుకు అద్దంలాంటి వెండిపూత వుంటుంది. అది నిగనిగలాడుతుంటే లోపల శూన్యం పదిలంగా వున్నట్టు. పాలలా తెల్లబారితే గాలి చొరబడినట్టు, ఇక అది గాజు బొమ్మే. మొదటిది అలా పోయింది. తర్వాత రెండో పిన్ను, ఏడో పిన్ను మధ్య మీటరు పెట్టాలి. లోపలి హీటరు తీగ బతికుంటే ముల్లు కదులుతుంది. రెండోదాంట్లో కదల్లేదు. మూడోది మాకు దక్కింది.

"మీ దగ్గర వుండేవా ఇవి?" అనడిగాడు ముసలాయన.

"రెండు ట్రంకు పెట్టెలు" అన్నాడు నాన్న. తర్వాత మెట్లు దిగేదాకా ఏమీ మాట్లాడలేదు.

కేసినో ఎదుట టీ

రిచీ వీధికి కూతవేటు దూరంలో కేసినో థియేటరుంది. 1940ల నుంచి వున్న హాలు. ఆ పక్కన టీ తాగుతూ నాన్న అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. నాకు తెలియని సంగతది.

1975లో 'అన్నదమ్ముల అనుబంధం' వచ్చింది గదా! హిందీ 'యాదోంకీ బారాత్' కథ. ఎన్.టి.ఆర్., మురళీమోహన్, బాలకృష్ణ అన్నదమ్ములు, చక్రవర్తి సంగీతం. మా నాన్న ఆ సినిమా చూసింది హాల్లో కాదట, ప్రొజెక్షన్ రూములో! ఆట మధ్యలో శబ్దం పోయింది. జనం కుర్చీలు విరగ్గొడుతున్నారు. థియేటరు వాళ్లు సైకిలు మీద మనిషిని పంపి నాన్నను పిలిపించారు.

ఫిల్ము అంచున సన్నటి చార వుంటుంది. అదే సౌండ్ ట్రాక్. దాని గుండా దీపం వెలుగు పోయి ఫోటోసెల్ మీద పడుతుంది. చార ఎలా మారితే వెలుగు అలా మారుతుంది, ఆ వెలుగు కరెంటుగా మారుతుంది. కాని ఆ కరెంటు చీమంత. దాన్ని ఏనుగంత చేసి తెర వెనక స్పీకర్లకు పంపేది యాంప్లిఫయరు. ఆ హాల్లో యాంప్లిఫయరు వాల్వులదే. నాన్న వెళ్లి చచ్చిపోయిన వాల్వు మార్చాడు. పాట మధ్యలో గిటారు భళ్లుమని మోగింది, కింద వెయ్యిమంది ఈలలు!

"ఆ ఈలలు నాకేననుకున్నా" అన్నాడు నాన్న.

చూశారా చుట్టరికం! 1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికావాడు మూడు కాళ్ల వాల్వు కనిపెట్టాడు. చీమను ఏనుగు చేసేది అదే. ఆ పెద్దమనిషే 1923లో న్యూయార్కులో ఫిల్ము మీద శబ్దాన్ని ముద్రించి జనానికి వినిపించాడు. సినిమాకు మాటలొచ్చింది ఈ గాజు బుడ్డి పుణ్యమే. మన 'భక్త ప్రహ్లాద' 1932లో మాట్లాడిందన్నా, ఆ గొంతు హాలంతా వినబడింది వాల్వులతోనే.

డ్రై సోల్డరు, సీరీస్ బోర్డు

నెల్లూరు చేరాక మూడు వారాలు పట్టింది. నేను కట్టడం, నాన్న కుర్చీలో కూచుని చూడ్డం. ముందు వాల్వుల పని అర్థం చేయించాడు. లోపల హీటరు ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి ప్లేటు వైపు పోతాయి. మధ్యలో గ్రిడ్డు అనే జల్లెడ వుంటుంది. గిటారు నుంచి వచ్చిన బుల్లి అల ఆ జల్లెడను ఆడిస్తే, అవతల పెద్ద అల పుడుతుంది. పొలం కాలవకు తూము లాంటిదన్నమాట. తూము పలకను వేలితో కదిపితే కాలవ నీళ్లన్నీ ఆగుతాయి, పారతాయి.

కిట్టులో 12ఏఎక్స్7 అని రాసి వుంటే, "ఇది మన ఇ.సి.సి.83 గదరా!" అని పాత స్నేహితుణ్ణి చూసినట్టు మురిశాడు. వొకటే వాల్వుకు అమెరికాలో వొక పేరు, యూరపులో వొక పేరు.

నేను చేసిన తప్పులు చెప్పుకోడానికి సిగ్గెందుకు? సోల్డరు వేడెక్కకుండానే అతికించాను. పైకి బాగానే వుంటుంది, లోపల పట్టదు. దాన్నే డ్రై సోల్డరంటారు. "ముందు తీగను కాల్చు, సీసాన్ని కాదు" అని తొమ్మిది చోట్ల వూడదీయించాడు. హీటరు వైర్లు తిన్నగా లాగితే, జడలా పేనమన్నాడు. పేనకపోతే స్పీకర్లో తుమ్మెద రొద దిగుతుందట. కాథోడు దగ్గర పసుపు, వూదా, గోధుమ చారల 470 ఓముల రెసిస్టరు వెయ్యాల్సింది, వేరేది వేశాను. అదీ ఆయనే పట్టాడు, కుర్చీలోంచే!

వొక్క విషయంలో మాత్రం నాన్న గొంతు మారింది. ఈ బుల్లి పెట్టెలో 350 వోల్టుల దాకా డి.సి. వుంటుంది. స్విచ్చి కట్టేసినా, ప్లగ్గు పీకేసినా, ఫిల్టరు కండెన్సర్లలో అది కాపు కాసి వుంటుంది. రెసిస్టరుతో దాన్ని దించి, మీటరు పెట్టి సున్నా చూసి, అప్పుడే చెయ్యి పెట్టాలి. కరెంటున్నప్పుడు కొలవాల్సొస్తే ఎడమ చెయ్యి జేబులో వుండాలి. రెండు చేతులూ పెడితే దారి గుండె మీదుగా పోతుంది.

"లుంగీకి జేబెక్కడిది నాన్నా?" అన్నాను.

"అయితే వీపు వెనక పెట్టుకో. మా గురువు అలాగే నేర్పాడు" అన్నాడు. నవ్వలేదు.

కట్టడం పూర్తయిన రాత్రి నాన్న అటక మీంచి సీరీస్ బోర్డు దింపించాడు. పాతకాలపు అరవై వాట్ల బల్బు సీరీసులో వుంటుంది. సర్క్యూట్లో షార్టు వుంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, యాంప్లిఫయరు కాలదు. స్పీకరు తగిలించాం. స్పీకరు లేకుండా వాల్వు యాంప్లిఫయరు ఎప్పుడూ వెయ్యకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. స్విచ్చి వేశాను. బల్బు వొక్కసారి వెలిగి, మెల్లగా మందగించింది. మూడు వాల్వుల్లో నారింజరంగు దీపాలు! షార్టు లేదన్నమాట. కట్టేసి, బోర్డు తప్పించి తిన్నగా వేశాం.

అర నిమిషం గడిచింది. "కీ...!" మని వొకటే అరుపు. వీధి కుక్కలు లేచాయి. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను వాల్యూము పూర్తిగా తగ్గించాను. అరుపు అలాగే వుంది! స్విచ్చి కట్టేశాను. మూడు వారాల కష్టం, వందల గంటల ఆశ, అంతా పోయిందనుకున్నాను.

నాన్న కళ్లు మూసుకుని వున్నాడు.

"వాల్యూము తగ్గించినా తగ్గలేదంటే, అరుపు వాల్యూముకు అవతల పుడుతోంది. స్పీకరు దగ్గర్నించి వెనక్కి మొదటి వాల్వుకు వైరేదైనా వుందా?"

వుంది. 22కె రెసిస్టరు గుండా. శబ్దం శుభ్రంగా వుండడానికి, అవతలి శబ్దంలో పిసరంత తిప్పి ఇవతలికి ఎదురు పంపుతారు.

"ఎదురు పోవలసింది తోడు పోతోంది. పెళ్లి పందిట్లో మైకు స్పీకరు ముందుకొస్తే కూస్తుంది చూడు, అదే. అవుట్‌పుట్ సెకండరీ రెండు వైర్లు తారుమారు చెయ్యి."

కండెన్సర్లు దించాను, మీటర్లో సున్నా చూపించాను. ఐరన్ చేతిలోకి తీసుకోబోతుంటే నాన్న చెయ్యి చాచాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, ఇచ్చేశాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ రెండు వైర్లూ ఆయనే మార్చి అతికించాడు. పది నిమిషాలు పట్టింది. సోల్డరు కాస్త ముద్దగా పడింది.

మళ్లీ స్విచ్చి వేశాను. నిశ్శబ్దం... చెవి దగ్గర పెడితే సన్నటి రొద. గిటారు తగిలించి వొక్క కార్డు కొట్టాను.

ఆ మోత ఎలా వుందో రాయడం నా చేతకాదు. నాన్న మాత్రం, "ఇంకొంచెం పెంచు" అన్నాడు. పెంచాను. బొంగురుపోయింది. "ఆ... అదీ!" అన్నాడు. యాభై ఏళ్ల కిందట ప్రొజెక్షన్ రూములో విన్న మోత అదేనట.

ఇప్పుడా పెట్టె మా హాల్లో వుంది. నా అతుకులన్నీ నున్నగా వుంటాయి, రెండు మాత్రం ముద్దగా వుంటాయి. చూసిన స్నేహితులు వాటిని సరిచెయ్యమంటారు. వాటి జోలికి మాత్రం నేను వెళ్లను.

మీలో ఎవరికైనా ఇలాంటి పని మీద మనసు పోతే మద్రాసు వెళ్లండి, రిచీ వీధి తిరగండి, కేసినో పక్కన టీ తాగండి. ఎర్తు చూసుకోండి, ఎడమ చెయ్యి వెనక పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, మీ వీధిలో ఎప్పుడో మూతబడ్డ రేడియో కొట్టు పెద్దాయన ఎవరైనా వుంటే, వెళ్లి ఆయన్ని కూడా రమ్మని అడగండి. బహుశా ఆయన అడగడం కోసమే చూస్తుండొచ్చు.